పారాచూట్ వద్దన్నది పైలట్లు కాదు

సంపాదకులకు,

మొదటి ప్రపంచ యుద్ధం నాటి పైలట్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే వాళ్లు ధైర్యం కొద్దీ పారాచూట్ వద్దనుకున్నారని రాయడం సరికాదు. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని మన జిల్లాలో బడిపిల్లలూ ఇలాంటివి ఆసక్తిగా చదువుతున్నారు, దయచేసి సవరణ వేయండి. బెలూన్లలో కూర్చుని శత్రువు కదలికలు కనిపెట్టేవారికి పారాచూట్లు ఇచ్చిన బ్రిటిష్ సైన్యం, విమాన పైలట్లకు మాత్రం యుద్ధం ముగిసేదాకా ఇవ్వలేదు. జర్మన్లు 1918లో ఇవ్వడం మొదలుపెట్టారు. బ్రిటిష్ దళంలో యుద్ధ పైలట్‌గా చేరిన మన భారతీయుడు ఇంద్రలాల్ రాయ్ ఆ ఏడాది జులైలో రెండు వారాల్లోనే శత్రు విమానాలపై 10 విజయాలు సాధించి, 22న మంటలంటుకున్న విమానంతో పాటే కూలిపోయారు. అప్పటికి ఆయన వయసు 19. దూకి బతికే దారే లేదు.

శత్రువు తూటా సరే, సొంత విమానంతోనే గండం ఉండేది. బ్రిటిష్ యుద్ధ విమానం సోప్‌విత్ కేమెల్‌నే తీసుకోండి. దాని రోటరీ ఇంజిన్‌లో నడిమి ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, కదలదు, తొమ్మిది సిలిండర్లూ ప్రొపెల్లర్‌తో కలిసి గిర్రున తిరుగుతాయి. ఆ విసురుకు కుడివైపు తిప్పితే ముక్కు కిందికి, ఎడమవైపు తిప్పితే పైకి పోతుంది. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు పట్టు తప్పి స్పిన్‌లో, అంటే గిరికీలు కొడుతూ కిందికి, పడితే సరిచేసుకునేంత ఎత్తు ఉండదు. పైగా గాలిలోకి లేచిన కాసేపటికే పెట్రోలు మోతాదును చేత్తో తగ్గించాలి. తగ్గించకపోతే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. శిక్షణలోనే ఎందరో కుర్రాళ్లు ఇలా పోయారు.

ఈ ఇంజిన్లకు పోసింది ఆముదం. పెట్రోలు క్రాంక్‌కేసు (క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ ఉండే పెట్టె) గుండా వెళ్తుంది కనుక మామూలు ఇంజిన్ ఆయిల్ అందులో కలిసి పలచబడిపోతుంది, ఆముదం కలవదు. కానీ వాడిన నూనె వెనక్కి రాదు, పొగతో పాటు బయటికి చిమ్మి పైలట్ ముఖాన పడుతుంది. కళ్లద్దాలు జిడ్డెక్కేవి. మన ఇళ్లలో పిల్లలకు విరేచనానికి పట్టే ఆముదమే కదా, అది పీల్చీ మింగీ కడుపులు కదిలిపోయేవి.

ఇక తుపాకులు. పై రెక్క మీద బిగించిన లూయిస్ గన్ అనే మెషిన్ గన్‌కు తూటాలుండే గుండ్రటి డ్రమ్ములో మొదట్లో 47 తూటాలే పట్టేవి. అవి అయిపోతే ఎగురుతూనే లేచి నిలబడి డ్రమ్ము మార్చాలి. 1915 మేలో బ్రిటిష్ పైలట్ లూయీ స్ట్రేంజ్ అలా లేచి, బిగుసుకుపోయిన డ్రమ్మును లాగుతుండగా విమానం తలకిందులైంది. ఆ డ్రమ్ము ఊడి రాకపోబట్టే దాన్ని పట్టుకుని వేలాడి, కాళ్లు కాక్‌పిట్‌లోకి చేర్చి, విమానాన్ని మళ్లీ దారికి తెచ్చారు. గన్‌ను కిందికి జార్చుకునే వంపు పట్టా తర్వాత వచ్చింది. అప్పటి నుంచి కూర్చునే డ్రమ్ము మార్చుకోగలిగారు.

– విశ్రాంత మెకానిక్, బొబ్బిలి, విజయనగరం జిల్లా