చిప్పు పెట్టడం కాదు, మోటారును వేరుచేయడమే అసలు పని

సంపాదకులకు నమస్కారం.

నమూనా రైళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే, ఎంత చిన్న ఇంజనులోనైనా ఒక చిప్పు అమర్చితే చాలు, అది డిజిటల్ పద్ధతిలో నడుస్తుందన్న మాటను నమ్మి ఎవరైనా స్క్రూడ్రైవరు పట్టుకుంటే నష్టపోతారన్న భయంతో ఈ లేఖ రాస్తున్నాను.

నమూనా రైళ్ల చిన్న కొలతల్లో ఒకటైన ఎన్ స్కేలు అంటే అసలు బండిలో 160వ వంతు. లాలాగూడ షెడ్డులో కనిపించే ఇరవైన్నర మీటర్ల డబ్ల్యూఏపీ-7 ఇంజను ఈ కొలతలో 13 సెంటీమీటర్లకు మించదు. మెర్క్లిన్ సంస్థ 1972లో తెచ్చిన జడ్ స్కేలు ఇంకా చిన్నది, 220వ వంతు. మోటారు, గేర్లు, బరువు కోసం పెట్టిన లోహపు దిమ్మెలు పోగా లోపల అగ్గిపుల్ల పట్టే సందు మిగిలితే అదే గొప్ప.

పాత పద్ధతిలో పట్టాలకు ఎంత వోల్టేజి ఇస్తే మోటారు అంత వేగంగా తిరుగుతుంది. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాలకు ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది; దాని ధ్రువత (ప్లస్, మైనస్) సెకనుకు వేలసార్లు తిరగబడుతూ, రెండు తిరగబాట్ల మధ్య వ్యవధి 58 మైక్రోసెకన్లయితే ఒకటి, 100 అయితే సున్నా అన్న లెక్కన ఆజ్ఞలను మోస్తుంది. ఇంజనులో పెట్టే చిప్పు, అంటే డీకోడరు, తన నంబరుతో వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటించి, ఆ మేరకు మోటారుకు కరెంటు వదులుతుంది. కనుక పట్టాలకూ మోటారుకూ మధ్య డీకోడరు తప్ప మరో దారి ఉండకూడదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. చాలా పాత ఎన్ ఇంజన్లలో తీగలే ఉండవు. కుడి ఎడమల రెండు లోహపు దిమ్మెలే చక్రాల నుంచి కరెంటు తెచ్చి, రాగి రేకుల ద్వారా నేరుగా మోటారు బ్రష్‌లకు అందిస్తాయి. ఆ రేకులను దిమ్మెల నుంచి పూర్తిగా విడదీసి, కరెంటు పారనివ్వని కాప్టన్ టేపు చుట్టి, డీకోడరుకు చోటు కోసం దిమ్మెను ఆకురాయితో అరగదీయాలి. ఎక్కువ అరగదీస్తే బరువు తగ్గి, చక్రాలు పట్టాలను సరిగా అంటక బండి ఆగి ఆగి నడుస్తుంది. కాసింత కరెంటు నిలవ ఉంచి ఆ లోటు తీర్చే కెపాసిటరుకు మళ్లీ చోటుండదు. నా మొదటి ప్రయత్నంలో ఒక రేకు అంచు దిమ్మెకు తగులుతున్న సంగతి చూసుకోలేదు. కరెంటు ఇచ్చిన క్షణంలోనే డీకోడరు పొగచూరింది. మోటారు రెండు కొసలూ ఏ దిమ్మెకూ తగలడం లేదని మల్టీమీటరుతో ముందే చూసి ఉంటే అది మిగిలేది.

కొత్తవారు డీకోడరును నేరుగా గుచ్చే ఆరు పిన్నుల సాకెట్టో, నెక్స్ట్18 అనే రకం సాకెట్టో ఉన్న ఇంజనునే కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. శబ్దాలు లేని మామూలు నెక్స్ట్18 డీకోడరు 15 మి.మీ. పొడవు, 9.5 మి.మీ. వెడల్పు దాటదు, టంకం పని ఉండదు.

చివరగా ఒక సవరణ. డీకోడరులో ఎరుపు, నలుపు తీగలు పట్టాలకు. నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. మీ వ్యాసంతో వేసిన బొమ్మలో ఈ రెండు జతలూ తారుమారయ్యాయి. ఆ బొమ్మ చూసి ఎవరూ టంకం వేయకముందే సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
రైల్వే విశ్రాంత ఉద్యోగి,
కాజీపేట