రక్షణ కొనుగోళ్ల డైరెక్టర్ జనరల్ గారికి తిరుపతి నుంచి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

రక్షణ శాఖ కొనుగోళ్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. కంపెనీలకు లాభం వద్దని మేమెప్పుడూ అనలేదు. కానీ ఖర్చు మీద 10 శాతం లాభం అని రాసుకుంటే 100 కోట్ల ఖర్చుకు 10 కోట్లు వస్తాయి, కష్టపడి 80 కోట్లకు తగ్గించినవాడికి 8 కోట్లే మిగులుతాయి, ఇక ఎవరు తగ్గిస్తారండీ?

రక్షణ శాఖ 2020 కొనుగోలు విధానం ప్రకారం కంపెనీ ఇచ్చిన ధరల కవరు తెరవకముందే, ధర బేరమాడే కమిటీ సరైన ధర అంచనా కట్టాలి. మంచి నియమమే. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర పదిమంది పాడితే తేలుతుంది, రాడార్ విడిభాగాన్ని అమ్మేవాడు చాలాసార్లు ఒక్కడే. అసలు ఖర్చు కాగితాలు లేకుండా, పాత ఆర్డరు ధరకు ఇంత కలిపి, ఆడిట్‌లో ఏమంటారోనని టెన్షన్‌తో సంతకం పెట్టిన రోజులు నాకున్నాయి.

ఒకే టెండరు వచ్చినచోట ఖర్చు వివరాలు చూపడం తప్పనిసరి చేయండి. ఖర్చు తగ్గించినవాడికి ఆ మిగులులో వాటా ఇవ్వండి.