ఏఐకి పరీక్ష పెట్టాల్సింది మన ఫిల్ములతోనే

సంపాదకులకు,

విశాఖ మహారాణిపేటలో ఎక్స్‌రే తీయించుకుని, బస్సెక్కేలోపే దాన్ని ఫోన్లో ఫొటో తీసి ఏఐ చాట్‌బాట్‌ని అడిగేవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. వాళ్లను ఆపలేం. కానీ ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు కూడా ఇలాంటి మోడళ్లను వాడాలనుకుంటే, ముందు వాటికి సరైన పరీక్ష పెట్టాలి. అమ్మేవాళ్లు చెప్పే '95 శాతం కచ్చితం' దేనికీ చాలదు. 1000 మందిలో 10 మందికి క్షయ ఉందనుకోండి. ఫిల్ము చూడకుండానే అందరికీ 'జబ్బు లేదు' అనేసినా 99 శాతం కచ్చితమే!

కాబట్టి రెండు అంకెలు విడివిడిగా అడగాలి: జబ్బున్నవాళ్లలో ఎందరిని పట్టింది, లేనివాళ్లలో ఎందరిని సరిగ్గా వదిలింది. రెండూ 90 శాతం అనుకుందాం. పై 1000 మందిలో 9 మందిని పడుతుంది, ఒకరు జారిపోతారు, జబ్బు లేని మరో 99 మందికి ఉందంటుంది. అంటే 'ఉంది' అన్న 108 మందిలో నిజంగా ఉన్నది 9 మందికే. సగం మందికి జబ్బున్న ఛాతీ ఓపీలో ఇదే మోడల్ 'ఉంది' అంటే పదింట తొమ్మిదిసార్లు నిజమవుతుంది. ఊళ్లో క్యాంపుకి ఒక లెక్క, ఓపీకి ఒక లెక్క.

బొమ్మ ఎలా వెళ్తోందన్నది ఇంకో చిక్కు. డిజిటల్ ఎక్స్‌రే ఫైలు 12 బిట్లదైతే 4096 బూడిద ఛాయలుంటాయి. ఫోన్ ఫొటోలో మిగిలేవి 256, పైగా ఫిల్ము వెనక వెలిగే లైట్‌బాక్స్ మెరుపు. ఛాతీ సీటీలో వందల స్లైసులుంటే ఫిల్ము మీద అచ్చయ్యేవి కొన్నే. అవీ మీడియాస్టినల్ విండోలో, అంటే ఛాతీ నడుమనున్న గుండె, రక్తనాళాలు బాగా కనిపించేలా సర్దిన ఛాయల్లో ఉంటే ఊపిరితిత్తి అంతా నల్లటి ముద్ద. ఏ రూపంలో వాడబోతున్నారో ఆ రూపంలోనే పరీక్షించాలి.

మోడళ్లు దొడ్డిదారి కూడా వెతుక్కుంటాయి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లకు చికిత్సగా గొట్టం వేస్తారు. మోడల్ ఆ గొట్టాన్నే జబ్బుగా నేర్చుకుంటే, ఇంకా గొట్టం పడని రోగిని, అంటే అసలు పట్టుకోవాల్సినవాణ్ణి, వదిలేస్తుంది. అందుకే గొట్టం లేని కేసుల మార్కులు వేరుగా చూడాలి. మంచం మీదే, కిరణాలు ముందు నుంచి వెనక్కి వెళ్లేలా తీసిన ఏపీ ఫిల్ముల్లో గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది కనుక వాటినీ విడదీయాలి.

మాటలూ బొమ్మలూ కలిపి చదివే సాధారణ మోడళ్లకైతే కొన్ని కొంటె పరీక్షలు తప్పవు. ఖాళీ బొమ్మ పెట్టి రిపోర్టు అడగండి. ఎడమ కుడి తిప్పి పంపండి. ఒకే ఫిల్మును ఐదుసార్లు అడగండి. 'డాక్టరు నిమోనియా అన్నారు' అని చేర్చి మాట మారుస్తుందేమో చూడండి. లక్షణాలను జనం మాటల్లోనే రాయండి. మన దగ్గర గుండె నొప్పిని 'గ్యాస్ పట్టేసింది' అనేవాళ్లు ఎందరో, ఆ మాట విని ఈసీజీ తీయించమంటుందా, మజ్జిగ తాగమంటుందా?

సరైన జవాబు ఏదన్నది ముందే తేలి ఉండాలి. క్షయకు కళ్లె పరీక్షే ప్రమాణం, ఎవరో రాసిన రిపోర్టు కాదు. ఎముక విరిగిందా లేదా అన్నదానికి ఇద్దరు రేడియాలజిస్టులు ఒకరిది ఒకరు చూడకుండా చదవాలి, తేడా వస్తే మూడో వారు తేల్చాలి. జబ్బున్న 100 కేసుల్లో ఒక్కటీ వదలకపోయినా, అసలు తప్పు 3 శాతం దాకా ఉండొచ్చని గణాంకాలు చెబుతాయి. ఇరవై ఫిల్ముల డెమో చూసి మురిసిపోవద్దు.

15 ఏళ్లు దాటినవారి క్షయ స్క్రీనింగుకు ఛాతీ ఎక్స్‌రేల కంప్యూటర్ రీడింగును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన మాట నిజమే. అయితే అది ఆ ఒక్క పనికే తయారైన సాఫ్ట్‌వేర్ల గురించి, చాట్‌బాట్ల గురించి కాదు.

వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్, కేజీహెచ్, విమ్స్ ఆసుపత్రులు అన్నీ ఉన్న ఊరు మనది. పాడేరు, అరకు రోగుల ఫిల్ములు కూడా కలిపి, మూలల్లోని పేర్లు చెరిపేసి, ఒక పరీక్ష సెట్టు తయారు చేసుకోవచ్చు. దాన్ని ఇంటర్నెట్‌లో మాత్రం పెట్టకూడదు, పెడితే రేపటి మోడల్ జవాబులు బట్టీ పట్టి వస్తుంది. మార్కుల పక్కనే మోడల్ వెర్షన్, తేదీ రాసుకోవాలి. కంపెనీ వెర్షన్ మార్చిన రోజున అవే ఫిల్ములు మళ్లీ పెట్టాలి.

– కొందరు రేడియాలజీ వైద్యులు, విశాఖపట్నం