కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25: వికీ వ్యాసాల్లో పొడి అక్షరాలకు వివరణలు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశ తీర్మానం మేరకు ఈ ఏడాది మన సంఘం తెలుగు వికీపీడియాలో ప్రధానంగా ఒకే పని చేపట్టింది. వ్యాసాల్లోని పొడి అక్షరాల మీద మౌసు బాణం ఉంచగానే పూర్తి రూపం కనబడేలా మూస (పేజీలో పెట్టడానికి ముందే సిద్ధం చేసి ఉంచిన చిన్న కోడు) చేర్చడమే ఆ పని. మాట కింద సన్నని చుక్కల గీత తప్ప పేజీలో పైకి మార్పేదీ కనబడదు కాబట్టి చూసేవారికి ఇది పనిలా తోచదు. అయితే శ్రీశైలం జలాశయం ఎఫ్.ఆర్.ఎల్. 885 అడుగులు అని రాసి ఊరుకుంటే, అది పూర్తిస్థాయి నీటిమట్టమని ఇంజనీరుకు తెలుస్తుంది గాని పదో తరగతి విద్యార్థికి తెలియదు.

పని త్వరగా తెమలడానికి బాటు (మార్పులను తనంతట తానే చేసే ప్రోగ్రాము) నడుపుదామని కొందరు వికీ చర్చావేదిక అయిన రచ్చబండలో గట్టిగా వాదించారు. ప్రయోగశాల పేజీలో నడిపి చూడగా, నాగార్జునసాగర్ నిల్వ సామర్థ్యం తెలిపే వాక్యంలో టి.ఎం.సి. మీద తృణమూల్ కాంగ్రెస్ అని వచ్చింది. అక్కడ ఉండవలసింది శతకోటి ఘనపుటడుగులు. ఎ.ఎస్.ఐ. సంగతీ అంతే, గుడి గురించిన వ్యాసంలో అది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, పోలీసు ఠాణా ప్రస్తావనలో అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్. పార్టీ 2022లో పేరు మార్చుకున్నా, 2018 ఎన్నికల గురించిన వాక్యంలో తెరాస అంటే తెలంగాణ రాష్ట్ర సమితే. ఇవేవీ వాక్యం చదవకుండా తేలేవి కావు కనుక ప్రతి మార్పూ మనిషి చేతి మీదుగానే జరగాలని కార్యవర్గం నిర్ణయించింది. పని నెమ్మదించడానికి అదే కారణమని కొందరు నిష్ఠూరమాడారు గాని, ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం.

ఫోనులో చదివేవారి మాటేమిటన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది. వేలితో తాకితే ఈ వివరణ చాలా ఫోన్లలో రాదు, అచ్చు తీసిన కాగితం మీద అసలే రాదు, చూపులేని వారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లలోనూ అన్నీ దాన్ని పలకవు. అందుచేత వ్యాసంలో మొదటిసారి వచ్చిన చోట పూర్తి రూపాన్ని బాహాటంగా రాయాలనీ, చోటు చాలని పట్టికల్లోనూ సమాచారపెట్టెల్లోనూ మాత్రమే మూస వాడాలనీ నియమం పెట్టుకున్నాం. కనబడిన ప్రతి కి.మీ.కీ మూస తగిలించుకుంటూ పోయిన ఉత్సాహవంతుల మార్పులను రద్దు చేయడానికి పట్టిన సమయంలో మరికొన్ని నీటిపారుదల ప్రాజెక్టుల వ్యాసాలు పూర్తయ్యేవి.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగినది విజయవాడ కార్యశాల. పదవీ విరమణ చేసిన నీటిపారుదల ఇంజనీరు ఒకరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఒక్కో పొడి అక్షరాన్నీ విప్పి చెప్పారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, రోజుకు 86,400 సెకన్లు, కాబట్టి సుమారు 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా పారితే ఒక టి.ఎం.సి. అవుతుందని ఆయన బల్ల మీద సుద్దముక్కతో లెక్క కట్టి చూపినప్పుడు, ఏళ్ల తరబడి ఆ వ్యాసాలు దిద్దుతున్న మావాళ్లు సైతం దాన్ని రాసుకున్నారు. అంత లెక్క చిన్న వివరణలో ఇమడదు గనుక, అటువంటి చోట్ల మూసకు బదులు సంబంధిత వ్యాసానికి లంకె ఇస్తున్నాం. ఆ ఇంజనీరుగారికి, గది ఇచ్చిన కళాశాల తెలుగు శాఖకు, భోజన ఏర్పాట్లు చూసిన సభ్యులకు, తప్పులు ఓపికగా సరిచూసిన వికీ నిర్వాహకులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారిగారు విడిగా సమర్పిస్తున్నారు. సభ్యత్వ రుసుములే ఆదాయం, కార్యశాలే ప్రధాన వ్యయం.

కార్యశాలలో జిల్లాల వారీగా గ్రామ వ్యాసాల బాధ్యత తీసుకుంటామని చేతులెత్తిన వారిలో అధికులు ఆ తరువాత ఒక్క దిద్దుబాటైనా చేయలేదని చెప్పక తప్పడం లేదు. తాము వాడే పొడి అక్షరాల జాబితా ఇప్పించమని ఒక ప్రభుత్వ కార్యాలయానికి రాసిన లేఖకూ, ఆ తరువాత గుర్తుచేస్తూ పంపిన లేఖలకూ నేటి వరకు జవాబు లేదు. రాయలసీమ ప్రాజెక్టుల వ్యాసాలు ఇంకా ముట్టనే లేదు. వాటిని చేపట్టదలచిన వారు ఈ సమావేశం ముగిసేలోగా తమ వాడుకరి పేరును నాకు ఇవ్వవలసిందిగా కోరుతూ, ఈ నివేదికను సభ్యుల ఆమోదానికి సమర్పిస్తున్నాను.

కార్యదర్శి