విషయం: నిజాం నోటు వెండి బార్ – పూర్తి డబ్బు వాపసు కోరుతూ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. హైదరాబాద్ సంస్థానం పది రూపాయల నోటుకు అచ్చుగుద్దినట్టు ఉంటుందని మీరు ప్రకటించిన 50 గ్రాముల వెండి బార్ కొన్నాను. వెండి విషయంలో నాకు పేచీ లేదు. తూకం సరిపోయింది, 999 స్వచ్ఛత ముద్ర ఉంది, మా కంసాలి కూడా చూసి బాగుందన్నాడు. పేచీ అంతా దాని మీది నోటుతోనే.

అసలు నోటు మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీల్లో కూడా విలువ ఉంటుంది. మీ బార్ మీద ఇంగ్లీషు మాత్రం తళతళా మెరుస్తోంది. తెలుగు వరుసలో తలకట్లు ఊడిపోయి, సున్నాలన్నీ కలిసిపోయి, గోరుతో గీకినట్టుంది. భూతద్దం పెట్టినా ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. కన్నడ వరుస సగం అంచు డిజైన్‌లోకి దూరిపోయింది. 1922లో ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగిపోయిన ఈజిప్ట్ అనే ఓడలో ఈ నిజాం నోట్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి సముద్రం అడుగున నానాక 1930ల్లో పైకి తీశారు. మీ వెండి కన్నా ఆ కాగితాలే నయం.

పెట్టెలోని కార్డు ఇంకో వింత. “వెండికి కొదవలేని రోజుల గుర్తు” అట! మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి దొరక్కే కదా, 1918లో హైదరాబాద్ కాగితం నోట్లు వేసింది?

ఫోన్ చేస్తే మీవాళ్లు, మజూరీ, జీఎస్టీ పోను ఈరోజు వెండి ధర ఇస్తామన్నారు. ఇదెక్కడి లెక్కండీ? వట్టి వెండే కావాలంటే పాట్ మార్కెట్‌లో కొనుక్కునేవాణ్ని. వెండి ధర మీద మీరు అదనంగా తీసుకున్నది నోటు డిజైన్‌కే. అది సరిగ్గా రానప్పుడు ఆ మజూరీ మీ దగ్గరెందుకు ఉండాలి?

బిల్లు, ఫోటోలు జత చేశాను. 3 శాతం జీఎస్టీతో సహా బిల్లు మొత్తం వాపసు చేయండి. కొరియర్ ఖర్చు కూడా మీదే. బదులుగా ఇంకో బార్ పంపొద్దు, అదే అచ్చులోంచి అదే వస్తుంది. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫిర్యాదు చేసి, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
సికింద్రాబాద్