పొడి ఒక్కటే చాలదు, నొక్కడమూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

బాగా చల్లబరిస్తే నిరోధమే లేకుండా కరెంటును మోసే అతివాహకాల (సూపర్ కండక్టర్ల) మీద పత్రికల్లో ఎప్పుడు వార్త వచ్చినా కొత్త పదార్థం పేరు, గాలిలో తేలే అయస్కాంతం బొమ్మ తప్ప మరొకటి కనిపించదు. ఆ పదార్థాన్ని కిలోమీటరు పొడవు టేపుగా మార్చే పని ఊసే ఉండదు. అసలు తంటా అంతా అక్కడే.

బిస్మత్ కలిసిన అతివాహక ఆక్సైడ్‌తో చేసే బిస్మత్ టేపునే చూడండి. పెళుసైన ఆ ఆక్సైడ్ పొడిని వెండి గొట్టంలో కూరి, డైల (సన్నటి రంధ్రమున్న అచ్చుల) గుండా లాగి సన్నటి తీగ చేస్తారు. అలాంటి తీగలను కట్టగా మరో వెండి గొట్టంలో పేర్చి మళ్ళీ లాగి, చివరకు రోలర్ల మధ్య పావు మిల్లీమీటరు మందానికి అణుస్తారు. లోపలి స్ఫటికాలు పేకముక్కల్లాంటివి. సరిగ్గా నొక్కితే ఒకదానిపై ఒకటి పడుకుని కరెంటుకు దారిస్తాయి. నొక్కుడు చాలకపోతే సందులు మిగులుతాయి. ఎక్కువైతే లోపలి పోగులు ఒకచోట ఉబ్బి, ఒకచోట సన్నబడతాయి. ఒకసారి కొలిమిలో కాల్చాక మళ్ళీ రోలర్లలో పెడితే పగుళ్లు టేపుకు అడ్డంగా, అంటే సరిగ్గా కరెంటు దారిలోనే పడతాయి. ప్రెస్సు కింద నొక్కితే అవి పొడవునా పడతాయి కనుక నష్టం తక్కువ. కానీ ప్రెస్సుతో కిలోమీటరు టేపు చేయడం అయ్యే పని కాదు. జపాన్‌లో మామూలు గాలి పీడనానికి సుమారు 300 రెట్ల వాయుపీడనంలో కాల్చి ఆ సందులను మూయగలిగారు. జర్మనీలోని ఎసెన్ నగరంలో 2014లో వేసిన కిలోమీటరు కేబుల్ బిస్మత్ టేపులదే.

లోహపు రేకు మీద ఇట్రియం కలిసిన అతివాహకాన్ని పలుచటి పొరగా వేసే ఇట్రియం తరహా టేపులదీ ఇదే కథ. ఆ వెడల్పు రేకును కత్తితో సన్నగా చీల్చేటప్పుడు అంచు పగిలితే, ఒకటి రెండు మైక్రాన్ల అతివాహక పొర అక్కడి నుంచే ఊడడం మొదలవుతుంది. ఎక్కడో ఒక్కచోట దెబ్బతింటే, టేపంతా మోయగల కరెంటుకు ఆ చోటే హద్దు.

మన కాలేజీల్లో మాత్రం అతివాహకం ఫిజిక్స్ పాఠం, లోహాన్ని నొక్కడం వర్క్‌షాప్ పని. ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. నేను పాఠాలు చెప్పిన చోట చేతి రోలింగ్ మిల్లు తుప్పుపట్టి చివరకు పాత ఇనుము కింద పోయింది. పక్కనే వర్క్‌షాపుల పేట ఆటోనగర్ పెట్టుకుని ఇదేం దుస్థితి!

ఖరీదైన టేపులు కొనమని నేను అడగడం లేదు. రాగి రేకు చాలు. రోలర్ల మధ్య నుంచి ఒక్కోసారి పోనిచ్చాక మందం, నిరోధం కొలిచి, కొలిమిలో కాల్చి మళ్ళీ కొలిస్తే, నొక్కుడు లోహాన్ని ఏం చేస్తుందో పిల్లలకు చేతికే తెలుస్తుంది. బిస్మత్ టేపు ముక్క ఒకటి సంపాదించగలిగితే, దాన్ని చల్లబరచే ద్రవ నైట్రోజన్ పశువుల వీర్యం నిల్వకు మన జిల్లాలకు వస్తూనే ఉంది. సాంకేతిక విద్యాశాఖ ఈ ప్రయోగాన్ని డిప్లొమా ప్రాక్టికల్స్‌లో చేర్చాలి. ఆటోనగర్‌లో చేయి తిరిగిన పనివాళ్లను గౌరవ వేతనం మీద పిలిచి, వాళ్ల చేత చెప్పించాలి.

— రిటైర్డ్ పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
పటమట, విజయవాడ