"పరిష్కరించబడింది" అని మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

నా ఫిర్యాదును మీవాళ్లు మళ్లీ "పరిష్కరించబడింది" అని మూసేశారు. ఎవరికి పరిష్కారమైందో చెబితే వాళ్లకు అభినందనలు పంపుతాను. నేనడిగింది ఒక్కటే ప్రశ్న. మీరు పెట్టిన పింక్ ఫ్లాయిడ్ (బ్రిటిష్ రాక్ బ్యాండ్) ట్రిబ్యూట్ షోలో, వాళ్ల 'కంఫర్టబ్లీ నమ్' పాట చివరి గిటార్ సోలో స్టేజీ మీద వాయించారా, ముందే రికార్డు చేసిన ట్రాక్ వేశారా? ఔనో కాదో చెప్పే మనిషే మీ సంస్థలో దొరకలేదు.

చాట్‌లోని ఏజెంట్ సీటు నంబరు అడిగి, స్తంభం ఏమైనా అడ్డొచ్చిందా అన్నారు. అడ్డొచ్చినా బాగుండేది, గిటారిస్టు చెయ్యి కనిపించేది కాదు. వినబడుతున్నదేమో సన్నతీగను గిటార్ ఒంటికి దగ్గరగా ఉండే పై ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కమ్మీల) దగ్గర లాగిపట్టిన హెచ్చు స్వరం. ఆయన ఎడమచెయ్యేమో మెడకు అటు చివర, తీగలు బిగించే మరల దగ్గరే ఉంది. ఇది రాస్తే అటునుంచి ఒక స్మైలీ వచ్చింది, చాట్ ముగిసింది.

ఫోన్లో తగిలిన ఆవిడ సౌండ్ ఎక్కువైందా, తక్కువైందా అని అడిగారు. రెండూ కాదంటే ఆ రెండే ఉన్నాయన్నారు. తనే "తక్కువ" అని రాసుకుని సౌండ్ టీమ్‌కు పంపారు. వాల్యూమ్ నిబంధనల ప్రకారమే ఉందని వాళ్ల మెయిల్. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంతకంటే మంచి జవాబు వచ్చేది.

ఇక మీ సూపర్‌వైజర్ గారు. "కవర్ వెర్షన్ కదండీ, ఎవరి స్టైల్ వాళ్లది" అని సెలవిచ్చారు. కవర్ అంటే 1968లో బాబ్ డిలన్ పాట 'ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్'ను గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తనదైన పద్ధతిలో చేసింది. ఆ తర్వాత డిలన్ కూడా తన కచేరీల్లో ఆ పాటను ఆ దారిలోకే మళ్లించాడు. ట్రిబ్యూట్ అలా కాదు, "అచ్చం అలాగే వాయిస్తాం" అని టికెట్ అమ్మే వ్యవహారం. మీ పోస్టర్ మీద ఉన్నదీ అదే. అసలు వాయించకపోవడం ఏ స్టైలో ఆయన్నే అడిగాను. లైన్ కట్టయింది. పొరపాటున అయ్యుంటుందిలెండి.

ట్రాకే తప్పని నేననడం లేదు. తమ పాటల్లోని నాణేల చప్పుడు, గడియారాల మోత ఫ్లాయిడ్ వాళ్లే కచేరీల్లో టేపు మీద నడిపారు. 'బొహీమియన్ రాప్సడీ' మధ్యలో ఒపెరా భాగానికి క్వీన్ బ్యాండ్ వాళ్లు టేపు వదిలి స్టేజీ దిగిపోయేవారు. పాడుతున్నట్టు నటించలేదు కాబట్టి దాన్ని ఎవరూ మోసం అనలేదు.

మీ షోలో గుట్టు ఫ్లాయిడ్ వాళ్ల 'మనీ' పాట దగ్గరే బయటపడింది. 7/4లో, అంటే ఆవృత్తానికి ఏడు దెబ్బల తాళంలో నడిచే పాట, గాయకుడు ఒక బార్ (ఒక ఆవృత్తం) ఆలస్యంగా అందుకున్నాడు. నిజంగా వాయించే బ్యాండైతే ఆ ఒక్క బార్ సాగదీసి ఆయన్ని కలుపుకుంటుంది. ఇక్కడ డ్రమ్మర్ చెవిలో లయ చూపే క్లిక్ శబ్దం, స్పీకర్లలో దానికి కట్టేసిన ట్రాక్. అది ఎవరికోసమూ ఆగదు. శాక్సోఫోన్ వాద్యకారుడు ఇంకా పెదవులకు ఆనించకముందే సోలో మొదలైంది. దీన్నీ మెయిల్లో వివరంగా రాశాను. వచ్చిన జవాబు: "మీకు షో నచ్చినందుకు ధన్యవాదాలు."

ఏళ్ల తరబడి మీ దగ్గరే టికెట్లు కొన్నాను, పదిమందితో కొనిపించాను. ఆ పదిమందికీ మీ మెయిళ్లన్నీ పంపిస్తాను. టికెట్ డబ్బు ఇస్తారో ఇవ్వరో మీ ఇష్టం, అయితే ఆ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు కావాలి. ఇకపై ఏ పాటలో ఏ వాద్యం ట్రాకో టికెట్లు అమ్మేముందే ప్రకటించాలి. ఈసారి కూడా సీటు నంబరే అడిగితే వినియోగదారుల కోర్టులో కలుద్దాం. అక్కడికి ఆ సూపర్‌వైజర్ గారినే పంపండి, స్టైల్ గురించి జడ్జిగారికి ఆయనే చెబుతారు.

ఇట్లు,
ఇంకా మీ కస్టమర్ జాబితాలోనే ఉన్న ఒక శ్రోత